పదహారేళ్ళ నుంచి వాడుతున్న పిట్టల తుపాకీ, మంచీ చెడూ

ముందే చెప్తన్నా, ఇది లైసెన్సు తుపాకీ కాదు. పాయింట్ 177 ఎయిర్ రైఫిల్, అంటే గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళం, స్ప్రింగుది, బ్యారెల్ (గొట్టం) కిందికి వంచి గుండు పెట్టే రకం, మా వైపు పిట్టల తుపాకీ అనే అంటారు. 2009లో కొన్నా, ఇప్పటికీ ఇంట్లోనే ఉంది, పని చేస్తంది కూడా. కంపెనీ పేరు రాయను, కింద దాన్ని నాలుగు మాటలు అనబోతున్నా కాబట్టి, పైగా మన దేశంలో ఆ రేటులో దొరికే స్ప్రింగు తుపాకులన్నీ ఇంచుమించు ఒక తల్లి పిల్లలే, భుజానికి ఆనించే బట్ మీద ముద్ర మారుద్ది అంతే.

నిజానికి నా మొదటి తుపాకీ ఇది కాదు. కోటప్పకొండ తిరునాళ్ళలో బెలూన్ల కొట్టు వాడిది. మాది నరసరావుపేట పక్క పల్లెటూరు, శివరాత్రి వచ్చిందంటే ప్రభల వెనకాల కొండకి పోవాల్సిందే, రాత్రంతా ఆ లైట్లు, ఆ మైకులు, ఆ దుమ్ము. నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడు అనుకుంటా, ఐదు రూపాయలకి ఐదు గుళ్ళు. నాన్నని బతిమాలి డబ్బులు తీసుకుని ఐదూ కొట్టా, ఒక్క బెలూనూ పగల్లేదు. కొట్టువాడు నవ్వాడు. పక్కన బీడీ కాల్చుకుంటున్న ఒక లారీ డ్రైవర్ బాబాయ్ మాత్రం "అది కుడికి లాగుద్దిరా అబ్బాయ్, నువ్వు ఎర్ర బెలూన్ కొట్టాలంటే దాని ఎడం పక్క పచ్చ బెలూన్ని చూసి కొట్టు" అన్నాడు. ఇంకో ఐదు రూపాయలు, ఈసారి మూడు పగిలినయ్. ఆ రోజు నుంచి నాకు తుపాకీ పిచ్చి పట్టుకుంది. పేల్చడం మీద కాదు, ఇది ఎంత వంకరగా కొడతందో కనిపెట్టడం మీద.

తర్వాత చాలా ఏళ్ళు మర్చిపోయా. 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా గోల్డ్ కొట్టాడు కదా, పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో, అప్పుడు హాస్టల్ టీవీ ముందు కూర్చుని ఆ టార్గెట్ చూస్తా ఉంటే మళ్ళీ గుర్తొచ్చింది. అందులో వలయాలన్నీ కలిపి 45.5 మిల్లీమీటర్ల వెడల్పు, నడిమధ్యన పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, గుండేమో నాలుగున్నర మిల్లీమీటర్లు. అంటే గుండు కన్నా చుక్కే చిన్నది, పది మీటర్ల అవతల. పిచ్చోళ్ళా వీళ్ళు అనిపించింది. వాళ్ళు వాడేవి స్ప్రింగువి కాదని, సిలిండర్‌లో ముందే నింపిన గాలితో నడిచేవని, అవి లక్షల్లో ఉంటాయని నాకు తర్వాత తెలిసింది.

మరుసటేడు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, మూడో జీతంతో ఆబిడ్స్ వైపు ఒక ఆయుధాల షాపుకి పోయా. లోపలికెళ్ళేటప్పుడు కాళ్ళు వణికినయ్, నిజం. గోడకి డబుల్ బ్యారెల్ తుపాకులు, వాటి కింద ఒక మూలన గొడుగుల్లాగా నిలబెట్టి ఎయిర్ గన్నులు. షాపాయన ఓటరు కార్డు జిరాక్స్ తీసుకుని రిజిస్టర్లో రాసుకున్నాడు, 3,800 రూపాయలు, ఒక డబ్బా గుళ్ళు ఫ్రీ. గుళ్ళని అక్కడ ఛర్రాలంటారు. లైసెన్సు సంగతి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా: ఇప్పుడున్న 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం పాయింట్ 177 దాటకుండా, గుండు దూకే శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. బిల్లు మాత్రం పారేసుకోవద్దు, నాది ఇప్పటికీ బీరువాలో పొలం కాగితాలతో పాటే ఉంది.

ఊరికి తీసుకెళ్ళడం ఇంకో కథ. దుప్పట్లో చుట్టి నవారుతో కట్టి ఆర్టీసీ బస్సెక్కా. పల్నాడు పోయే బస్సులో దుప్పటి చుట్టిన మూడున్నర అడుగుల వస్తువు పక్కన పెట్టుకుని కూర్చుంటే జనం ఎట్టా చూస్తారో మీకు తెలుసు. పిడుగురాళ్ళ దాకా నా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. కండక్టరు వచ్చి "ఏందది" అన్నాడు, "క్యారమ్ బోర్డు స్టాండు" అన్నా. నమ్మలేదు గానీ టికెట్ ఇచ్చాడు. ఇంటికెళ్ళాక అమ్మ మూడు రోజులు దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు, తుపాకీ గొడ్ల కొట్టంలో పడుకుంది.

సరే, ఇక వస్తువు గురించి. బరువు మూడు కేజీల దాకా ఉంటది, పట్టుకునే కర్ర భాగం గట్టిది, పాలిష్ మాత్రం రెండేళ్ళకే పోయింది. బ్యారెల్ వంచితే లోపల పిస్టన్ వెనక్కెళ్ళి స్ప్రింగుని నొక్కుద్ది, కొక్కెం పట్టుకుంటది, గుండు పెట్టి బ్యారెల్ మూసి ట్రిగ్గర్ లాగితే పిస్టన్ ముందుకు ఉరికి గాలిని నొక్కుద్ది, ఆ గాలే గుండుని తోస్తది. ఇందులో మందూ లేదు మసీ లేదు. కానీ తమాషా ఏందంటే గుండు ఇంకా గొట్టంలో ఉండగానే తుపాకీ ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి ఎగురుద్ది. అందుకే దీన్ని బిగించి పట్టుకుంటే అస్సలు కొట్టదు. నేను ఆరు నెలలు సినిమా హీరోలాగా భుజానికి అదిమి పట్టి కొట్టా, గుళ్ళు తలా ఒక దిక్కుకి పోయేవి, తుపాకీ మంచిది కాదని తిట్టుకున్నా. తర్వాత తెలిసింది, ఎడం అరచేతి మీద ఊరికే ఆనించాలి, వేలితో కూడా పట్టుకోకూడదు, వేయించిన అప్పడం పట్టుకున్నట్టు, దాని ఇష్టానికి దాన్ని ఎగరనివ్వాలి. అట్టా వదిలేస్తే ప్రతిసారీ ఒకే రకంగా ఎగురుద్ది, ఒకే చోట కొడద్ది. పది మీటర్లలో ఐదు గుళ్ళు రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా పడినయ్, దీనికి అంతకన్నా ఆశించొద్దు. అది కూడా మంచి గుళ్ళు వేస్తేనే. చవక డబ్బాలో సగం గుళ్ళకి వెనకాల పావడాలాగా విచ్చుకునే అంచు నొక్కుకుపోయి ఉంటది. నేను అద్దం మీద ఒక్కొక్కటీ దొర్లించి, వంకర పోయేవి పక్కన పడేస్తా. ఆదివారం మధ్యాహ్నం నేను ఆ పనిలో ఉంటే మా ఆవిడ "బియ్యంలో రాళ్ళన్నా ఏరవయ్యా, ఉపయోగం" అంటది.

చెయ్యకూడని పనులన్నీ చేశా, కాబట్టి నా మాట వినండి. గుండు లేకుండా పేల్చొద్దు. ముందు గుండు అడ్డం లేకపోతే గాలి ఆపేది ఉండదు, పిస్టన్ పోయి లోపలి గోడకి గుద్దుకుంటది, మా తమ్ముడు ఒక సాయంత్రం ఊరికే టప్ టప్ అని ఇరవై సార్లు పేల్చాడు, పిస్టన్ ముందుండి గాలి పోకుండా ఆపే తోలు వాషరు, మొదటిది, అట్టానే పోయింది. రెండోది, కొబ్బరి నూనె. లోపల లెదర్ వాషరు ఎండకుండా రెండు చుక్కలు నూనె వెయ్యాలి, ఇంట్లో ఏముంటే అది వేశా, బానే ఉంది, డిసెంబర్ వచ్చింది, పొద్దున్నే మంచులో తీసి కొడితే గుండు గొట్టం చివరి దాకా వచ్చి ఆగిపోయింది, నూనె లోపల గడ్డ కట్టింది. ఎండలో పెట్టి కరిగించా. పోనీ మిషన్ నూనె కదా అని ఇంకోసారి కాస్త ఎక్కువ పోశా, అది గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడికి లోపలే అంటుకుని పెద్ద చప్పుడుతో పేలింది, గొట్టంలోంచి నీలం పొగ, పక్కింటి పెద్దమ్మ "ఏం పేలిందిరా" అని బయటికొచ్చింది. రెండు చుక్కలంటే రెండు చుక్కలే.

మూడోది సీరియస్. బ్యారెల్ వంచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పడితే ఆ బ్యారెల్ కత్తెరలాగా మూసుకుంటది. సంక్రాంతికి వచ్చిన మా బావమరిది, చూపిస్తా ఉండు అని నా చేతిలోంచి లాక్కున్నాడు, గుండు పెడతా ఉండగా రెండో చెయ్యి ట్రిగ్గర్ దగ్గర. బొటనవేలి గోరు ఊడొచ్చింది. అమ్మ పసుపు అద్దింది, నరసరావుపేట తీసుకెళ్ళి కుట్లు వేయించాం, ఆ దెబ్బకి కర్ర కూడా పట్టు దగ్గర చీలింది, రెండు బోల్టులు వేసి బిగించా, అవి ఇప్పటికీ చేతికి తగులుతా ఉంటాయి. అప్పట్నుంచి గుండు పెట్టేటప్పుడు ఒక చెయ్యి బ్యారెల్‌ని వదలదు, ఎవరికి ఇచ్చినా ముందు అదే నేర్పిస్తా.

ఇంకోటి, రాయి ముందు టార్గెట్ పెట్టొద్దు. మా దొడ్లో గోడ నాపరాళ్ళది, పల్నాడులో ఇటుక కన్నా అదే ఎక్కువ. కాగితం దానికే అంటించి కొట్టా, గుండు తిరిగొచ్చి నా చెవి తమ్మెకి తగిలింది. రెండంగుళాలు ఇటైతే కన్ను. ఇప్పుడు అట్టపెట్టెలో పాత గుడ్డలు కుక్కి వెనకాల ఇసక బస్తా పెడతా, కళ్ళద్దాలు లేకుండా కొట్టను. గుళ్ళు సీసంవి, అయిపోయాక చేతులు కడుక్కోవాలి, పెదాల మధ్య గుండు పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంటది, నాక్కూడా ఉండేది, మానేశా.

రిపేర్ల లెక్క చెప్తా. స్ప్రింగు మూడుసార్లు మారింది, వాషరు ఐదుసార్లు, గురి చూసే వెనక సైటు ఒకసారి. మొదటిసారి స్ప్రింగు నేనే మార్చబోయా, వెనక పిన్ను తీస్తే లోపల స్ప్రింగు ఇంకా నొక్కుకునే ఉంటదని తెలియదు, అది ఠంగున పోయి వసారా రేకుకి బొక్క పెట్టింది. ఇప్పుడు వానొస్తే అక్కడ గిన్నె పెడతాం. ఆ తర్వాత లేత్ పనాయన దగ్గరికే తీసుకెళ్తా, ఆయన వైసులో బిగించి నిదానంగా వదుల్తాడు. వాషరు సంగతైతే మీరు నమ్మరు. కంపెనీ వాషరు ఏడాదిన్నర కన్నా ఎప్పుడూ రాలేదు. ఐదోది పోయినప్పుడు తెప్పించుకుందామంటే దొరకలేదు, బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాతకి పాతది చూపించా. ఆయన దాన్ని వాసన చూసి, వంచి, "ఇది మేకతోలు, దీనికి గేదెతోలు పడాలి" అన్నాడు. గుండ్రంగా కోసి, రాత్రంతా నూనెలో నానబెట్టి, రెండు చెక్కల మధ్య పెట్టి చిన్న గిన్నెలాగా వంగేట్టు నొక్కి, అంచు ఉలితో గీకి ఇచ్చాడు. నలభై రూపాయలు తీసుకున్నాడు. అది వేసి చాలా ఏళ్ళయింది, ఇంకా అదే. చప్పుడు కూడా మారింది, ముందు రేకు మీద రాయి పడ్డట్టు ఠంగుమనేది, ఇప్పుడు మెత్తగా "టుప్".

పొలంలో పనికొస్తదా అని అడుగుతారు. రాదు. మొక్కజొన్న కంకి మీద చిలకలు పడితే బెదరగొడదామని తీసుకెళ్ళా, ఈ చప్పుడుకి పక్క సాలులో చిలక కూడా లేవలేదు. మా తాతయ్య మంచె మీద నుంచి వడిసెల తిప్పి ఒక్క రాయి వదిలితే ఎకరం మొత్తం లేచింది. "మూడువేల ఎనిమిదొందలా" అన్నాడు, ఇంకేమీ అనలేదు. పిట్టల తుపాకీ అని పేరే గానీ చాలా రకాల పిట్టల్ని కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుద్ది. కోతుల్నీ కొట్టకూడదు. మా వీధిలో కోతులు పెంకులు పీకినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి "అబ్బాయ్, నీ దగ్గర తుపాకీ ఉంది కదా, ఒక్కటి కొట్టు" అంటారు. దీనితో కొడితే కోతి చావదు, తోలు కింద గుండు పెట్టుకుని చీము పట్టి నెలరోజులు తిరుగుద్ది. నేను ఇవ్వను, కొట్టను, దానికి ఇద్దరు మాట్లాడ్డం మానేశారు.

నేర్చుకోడానికైతే మాత్రం ఇదే కొనమంటా. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో బ్రాంజ్ తెచ్చాక హైదరాబాదులో పిల్లల్ని షూటింగ్ రేంజికి పంపించే తల్లిదండ్రులు చాలామంది అయ్యారు, నేను కూడా ఒకసారి కొలీగ్‌తో పోయి అక్కడ అద్దెకిచ్చే గాలి సిలిండర్ రైఫిల్ కొట్టా. ఎగరదు, కదలదు, గట్టిగా ఊపిరి తీసినా క్షమించేస్తది. దాంతో మొదలెట్టినోడికి నా తుపాకీ ఇస్తే గోడ కూడా తగల్లేదు. మా అమ్మాయికి పదకొండేళ్ళు, బ్యారెల్ వంచే బలం ఇంకా లేదు, నేను వంచి ఇస్తా, గుండు తనే పెడద్ది, అప్పడం సంగతి మొదటి రోజే పట్టేసింది. గురి చూడ్డానికి పైన బిగించే స్కోపు మాత్రం కొనొద్దు, ఈ ముందూ వెనకా ఎగిరే దెబ్బకి మామూలు స్కోపు రెండొందల గుళ్ళకి లోపల వదులైపోద్ది, రెండు పోగొట్టుకున్నా.

మొన్న శివరాత్రికి అమ్మాయిని కొండకి తీసుకెళ్ళా. బెలూన్ల కొట్టు ఉంది, మనిషి వేరు, తుపాకీ మాత్రం అచ్చం నాలాంటిదే, కర్రకి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. యాభై ఇచ్చి ఒకటి కొట్టా, ఎడమకి లాగుతంది, పైగా ఆ చప్పుడు వినగానే అర్థమైంది, గుండు బెలూన్‌కి తగిలి కూడా జారిపోయింది. "వాషరు ఎండిపోయింది అన్నా, రెండు చుక్కలు నూనె వెయ్యి" అన్నా.

కొట్టువాడు నా చేతిలో తుపాకీ తీసుకుని పక్కనున్న కుర్రాడి చేతికిస్తూ అన్నాడు: "నూనేస్తే బెలూన్లు పగుల్తయ్ కదయ్యా."