షిఫ్ట్ లెన్సా, సాఫ్ట్‌వేరా?

విశాఖ వన్‌టౌన్‌లో పాత టౌన్‌హాల్ ముందు నిలబడి కెమెరా కాస్త పైకెత్తితే చాలు, ఫొటోలో గోడలు వెనక్కి వాలిపోతాయి. కానన్ టీఎస్-ఈ 24 ఎం.ఎం. రెండో వెర్షన్ లాంటి షిఫ్ట్ లెన్స్ ఉంటే కెమెరాను నిటారుగానే ఉంచి నాబ్ తిప్పండి. లెన్స్ 12 మిల్లీమీటర్ల దాకా పైకి జరుగుతుంది. పైకప్పు ఫ్రేములోకి వచ్చేస్తుంది, గోడలు నిలువుగానే ఉంటాయి. కానీ 780 గ్రాముల బరువు, పైగా ఆటోఫోకస్ లేదు. ఆర్కే బీచ్ రోడ్డు మీద, ఆదివారం జనంలో, అదో టెన్షన్.

మామూలు వైడ్ లెన్స్‌తో తీసి లైట్‌రూమ్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ వాలు సరిచేస్తే చిటికెలో పనైపోతుంది. కాకపోతే పైభాగం సాగి పదును తగ్గుతుంది, కింది మూలలు కత్తిరింపులో పోతాయి. అందుకే చుట్టూ ఖాళీ వదిలి తీయాలి. ఆర్కిటెక్టులకు పెద్ద ప్రింట్లు ఇవ్వాలంటే షిఫ్ట్ లెన్సే. ఊళ్లు తిరిగేవాళ్లకైతే నా ఓటు సాఫ్ట్‌వేర్‌కే, ఆ లెన్స్ ధర చూశాక మరీనూ.