కెమెరా బాడీ మార్చాలా, లెన్స్ కొనాలా?

తిరుపతి గంగమ్మ జాతరలో చీకటి పడ్డాక వేషాలు కట్టినవాళ్ళను కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో ఫొటో తీస్తే ముఖాల మీది రంగులన్నీ మసకే, ఎందుకంటే ఆ 18-55 ఎంఎం లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది). అదే బాడీకి 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే దాదాపు 10 రెట్లు వెలుతురు లోపలికొస్తుంది, బొట్టు అంచు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త బాడీకి పాత కిట్ లెన్సే పెడితే నాయిస్ (ఫొటోలో చుక్కచుక్కలుగా కనిపించే గరుకు) కొంత తగ్గుతుంది, అంతే. పైగా మౌంట్ (బాడీకి లెన్స్ బిగించే చోటు) మారకపోతే ఆ ఎఫ్/1.8 లెన్స్ రేపు కొనే బాడీకీ పనికొస్తుంది.

తలకోనలో ఎగిరే పిట్టలు తీసేవాళ్ళ సంగతి వేరు, ఫోకస్ అందుకోలేని పాత బాడీతో ఎంత మంచి లెన్సున్నా కష్టమే. జాతరలూ పెళ్ళిళ్ళూ తీసేవాళ్ళైతే మాత్రం ముందు లెన్సే కొనండి, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, కాకపోతే టార్చి వేసి లోపల ఫంగస్ (బూజు) లేదని చూసుకున్నాకే డబ్బులివ్వండి.