వాఫిల్ కుట్టు కిట్: నూలు రంగు బాగుంది, కాగితమే దారి తప్పిస్తుంది

క్రోషేలో చైన్, సింగిల్, డబుల్ అనే మామూలు కుట్లు వచ్చినవాళ్లకి, గడులు గడులుగా పొంగే వాఫిల్ కుట్టు నేర్పిస్తామంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్ ఇది. ఇలాంటి సరుకు నాలుగైదు పేర్లతో తిరుగుతుంటుంది కాబట్టి పేరు వదిలేసి డబ్బాలో ఏముందో చూడండి. మిల్క్ కాటన్ అనే నూలు 50 గ్రాముల ఉండ ఒకటి, రబ్బరు పిడి ఉన్న 3 మి.మీ. సూది, కుట్టు గుర్తుకి తగిలించే ప్లాస్టిక్ మార్కర్లు నాలుగు, కొసలు దాచడానికి మొద్దు సూది, మడతలు పెట్టిన కాగితం, దానిమీద వీడియోకి క్యూఆర్ కోడ్. 20 సెం.మీ. చదరపు గుడ్డ తయారవుతుందని అట్టమీద రాశారు.

మెచ్చుకోవాల్సింది నూలు రంగు. లేత గోధుమ రంగు ఇచ్చారు. వాఫిల్‌లో కొన్ని కుట్లకి, కింది వరుస కుట్టు తలలో (పైనుండే గొలుసులో) కాకుండా దాని కాడ (నిలువు భాగం) చుట్టూ సూది తిప్పాలి. నలుపులోనో ముదురు నీలంలోనో కాడ ఏదో, సందు ఏదో కంటికి ఆనదు. సూది పిడి కూడా చేతికి బాగా కుదిరింది.

ఇక కాగితం సంగతి. 30 చైన్లు వేసి, సూది నుంచి నాలుగో చైన్‌లో మొదటి డబుల్ వేయమంటుంది. అలా వేస్తే వదిలేసిన మూడు చైన్లని ఒక కుట్టుగా లెక్కపెట్టినా వరుసలో 28 కుట్లే వస్తాయి. ఈ అల్లికకి కుట్లు మూడు ఎక్కంలో ఉండాలి. రెండో వరుస చక్కగానే ముగుస్తుంది, అదే చిక్కు. మూడో వరుసలో రెండో కుట్టు దగ్గరే అల్లిక ఒక కుట్టు పక్కకి జరిగిపోతుంది, నేర్చుకునేవాళ్లు తప్పు తమదే అనుకుని విప్పేస్తారు. 32 చైన్లు వేయండి, 30 కుట్లు వస్తాయి. ఇంకో కొలత కావాలంటే మూడు ఎక్కంలో ఏ అంకె అయినా తీసుకుని రెండు కలపండి.

రెండో తప్పు మాటల్లో ఉంది. కాగితం అమెరికా లెక్కలో డబుల్ అంటుంది, వీడియోలో బ్రిటిష్ లెక్కలో ట్రెబుల్ అంటారు. రెండూ ఒకే కుట్టు. ఆ ముక్క ఎక్కడా చెప్పలేదు. బ్రిటిష్ పుస్తకాలు చూసి నేర్చుకున్నవాళ్లకి డబుల్ అంటే పొట్టి కుట్టు. దానికి సూది తిప్పేంత కాడే ఉండదు, గడులు లోతు రావు.

అసలు పద్ధతి ఇది, డబుల్ అన్నచోటల్లా అమెరికా లెక్కే. మొదటి వరుస అంతా డబుల్. రెండో వరుసకి రెండు చైన్లు వేసి తిప్పండి, అవే మొదటి కుట్టు, వరుస మొదట్లో ఉండే ఇలాంటివాటినే తిరుగు చైన్లు అంటారు. తర్వాతి కుట్టు కాడ చుట్టూ ముందు నుంచి ఒక డబుల్, ఆపై రెండు కుట్ల తలల్లో మామూలు డబుల్. ఇలాగే వెళ్తే చివర కాడ చుట్టూ ఒకటి, కింది వరుస తిరుగు చైన్‌లో ఒకటి వస్తాయి. మూడో వరుసలో తిరుగు చైన్ల తర్వాత తలలో ఒక డబుల్, రెండు కాడల చుట్టూ ఒక్కొక్కటి. ఆఖరి రెండు కుట్లూ మామూలువే. తర్వాత ఈ రెండు వరుసలే మళ్లీమళ్లీ.

కాడ చుట్టూ అంటే, సూదికి నూలు ఒక చుట్టు వేసి, కాడకి కుడిపక్క నుంచి వెనక్కి దించి, ఎడమపక్క నుంచి ముందుకి తేవాలి. అప్పుడు కాడ సూదిమీద అడ్డంగా కూర్చుంటుంది. నూలు లాగి మామూలు డబుల్ లాగే పూర్తిచేయాలి. ఇక్కడే దాదాపు అందరూ ఒక పొరపాటు చేస్తారు. కాడ చుట్టూ వేసిన కుట్టు వెనక, ఆ పాత కుట్టు తల ఖాళీగా మిగిలిపోతుంది. దాన్ని వదిలేయాలి. అందులో కూడా గుచ్చారా, ప్రతిసారీ ఒక కుట్టు పెరిగి గుడ్డ విసనకర్రలా విచ్చుకుంటుంది. అంచు లోపలికి పోతుంటే మాత్రం కారణం వేరు, చివరి తిరుగు చైన్‌లో కుట్టు మరిచారన్నమాట. ఉన్న నాలుగు మార్కర్లలో ఒకటి ఎప్పుడూ అక్కడే ఉంచండి.

వరుస గుర్తులేకపోయినా అల్లికే చెబుతుంది. మీవైపుకి పొంగి నిలబడ్డవాటికి కాడ చుట్టూ, లోపలికి దిగినవాటికి తలలో. అంచు కుట్లు ఎప్పుడూ మామూలువే. ఈ రెండు వాక్యాలూ అచ్చేసి ఉంటే ఆ కాగితంలో సగం అక్కర్లేదు. గడులు కనిపించేది సరి వరుసలు అల్లేటప్పుడు మీకు ఎదురుగా ఉండే వైపు, అదీ ఆరో వరుస దాటాకే. అంతవరకూ విప్పకండి.

3 మి.మీ. సూది ఈ కుట్టుకి చిన్నది. గుడ్డ అట్టలా బిగుస్తుంది, మిల్క్ కాటన్ మెలి వదులు కాబట్టి సూది మొన పోగుల మధ్య దూరి నూలు చీలుతుంది. 4 మి.మీ. పెట్టండి. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నరసాపురం లేసు లాంటి సన్న దారప్పనికి అలవాటుపడ్డ చేతులైతే 4.5 అయినా పర్వాలేదు, ఆ చెయ్యి సహజంగానే బిగువు.

నూలూ చాలదు. ముందుకి వెనక్కి పొంగే కుట్టు కాబట్టి మామూలు డబుల్ కంటే వాఫిల్ ఎంతో ఎక్కువ నూలు మింగుతుంది. 30 కుట్లకి వెడల్పు 18 సెం.మీ. దగ్గర తేలుతుంది. చదరం పూర్తయ్యేసరికి అంచు కట్టడానికి నూలు ఉండదు, ఇక 20 సెం.మీ. మాట సరేసరి.

అట్టమీద బొమ్మలో ఈ గుడ్డని పొయ్యిమీంచి దించిన గిన్నె కింద పెట్టారు. అది ఒప్పుకోకూడని సంగతి. ఉండ చీటీలో యాక్రిలిక్ కలిసిందని ఉంది. చిన్న ముక్క కాలిస్తే కొసన గట్టి పూసలా ముద్దకడుతుంది, కాటన్ అయితే బూడిద రాలుతుంది. వేడి గిన్నెకి ఇది కరుగుతుంది. తడి తుడవడానికీ అచ్చమైన కాటనే మేలు.

నా లెక్కలో ఐదుకి రెండు. 100 గ్రాముల అచ్చ కాటన్ నూలు, 4 మి.మీ. సూది విడిగా కొనుక్కోండి. మార్కర్లకి పిన్నీసులు చాలు.