మూడు బంతుల స్పైరోమీటర్: పిల్లలకు ఏ మేరకు పనికొస్తుంది?

మూడు పారదర్శక గదులు, ఒక్కో దాంట్లో తేలికైన ప్లాస్టిక్ బంతి, పక్కన ముడతల గొట్టం, దాని చివర నోట్లో పెట్టుకునే భాగం. గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు లేస్తాయి. ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చడం సాధన చేయించే పరికరమిది, సరంజామా అంతా ఇంతే. బొమ్మలా ఉంటుంది కాబట్టి పిల్లలు వద్దనరు, కానీ చేతికందగానే పీల్చడం మానేసి ఊదేస్తారు. బంతి కదలదు, రెండు నిమిషాల్లో మోజు తీరిపోతుంది. ‘స్ట్రాతో చిక్కటి జ్యూస్ లాగినట్టు లాగు’ అంటే ఐదేళ్ల పిల్లలు సాధారణంగా పట్టుకుంటారు. మూడేళ్ల వాళ్లకు చాలాసార్లు అదీ అందదు.

గదుల మీద 600, 900, 1200 అని ఉంటాయి. ఎంత గాలి లోపలికి వెళ్లిందో చెప్పే అంకెలు కావవి. సెకనుకు ఎన్ని సీసీల (మిల్లీలీటర్ల) వేగంతో పీల్చారో చెబుతాయి. పెద్దవాళ్లకు చెప్పినట్టే పిల్లలకూ ‘మూడూ లేపి మూడు సెకన్లు ఆపు’ అంటే ఏమవుతుందో లెక్క వేయండి. సెకనుకు 1200 సీసీల చొప్పున మూడు సెకన్లంటే 3.6 లీటర్లు. ఐదేళ్ల పిల్ల గుండెల నిండా పీల్చినా పట్టేది లీటరు పైచిలుకే. అంటే మూడో బంతి టక్కున పైకి తగిలి పడిందంటే జరిగింది ఒక చిన్న, గట్టి గుటక మాత్రమే. ఊపిరితిత్తుల అడుగు దాకా గాలి చేరలేదు. చిన్నపిల్లలకు మొదటి బంతి చాలు. అది లేచి ఒకటిన్నర సెకను గాల్లో నిలిస్తే మంచి ఊపిరి. రెండోది ఊగిసలాడినా పర్వాలేదు, మూడోది లేవకపోవడమే మేలు.

బంతి లేవకపోతే ముందు గొట్టం అతుకు చూడండి, వదులైతే గాలి పక్కనుంచి వస్తుంది. తర్వాత పెదవులు, ఆపైన ముక్కు. పిల్లలు నోటితో లాగుతూనే ముక్కుతోనూ పీలుస్తారు. మొదటి రెండుసార్లు ముక్కు మెల్లగా మూసి చూపిస్తే తేడా తెలుస్తుంది. పరికరాన్ని వాల్చి పట్టుకుంటే బంతి గోడవెంట సులువుగా పాకేస్తుంది. పిల్లలు ఈ కిటుకు భలే త్వరగా కనిపెడతారు. నిటారుగా కూర్చోబెట్టి, పరికరాన్ని కళ్లకు ఎదురుగా నిలువుగా ఉంచాలి. భుజాలు ఎగిరిపడుతుంటే పొట్ట మీద చెయ్యి వేసి, అది ఉబ్బేలా పీల్చమనండి.

ఇంత చేసినా దీనివల్ల కఫం పెద్దగా కదలదు. ఊపిరి నింపడమే దీని పని. కఫం గరగరలాడే పిల్లలకు మా ఓటు బుడగల సీసాకే. లీటరు ప్లాస్టిక్ సీసాలో 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోసి, లోపలి వెడల్పు కనీసం 8 మిల్లీమీటర్లున్న గొట్టాన్ని అడుగు దాకా దించాలి. ఊదినప్పుడు నీటి ఎత్తుకు తగ్గ ఒత్తిడి ఎదురై, సన్నని గాలిదారులు మూసుకుపోకుండా నిలబెడుతుంది. కఫం వెనక్కి గాలి చేరుతుంది. సన్న స్ట్రా పెడితే స్ట్రా ఇరుకే అదనపు అడ్డవుతుంది, ఒత్తిడి ఎంతో లెక్క తెలియదు, పిల్లల బుగ్గలు నొప్పెడతాయి. సీసా మూతి మూయకూడదు, గాలి బయటికి పోయే దారి ఉండాలి. గిన్నెలు తోమే ద్రవ సబ్బు రెండు చుక్కలు వేస్తే నురగ పొంగి వస్తుంది, ఆట అదే. కింద పళ్లెం పెట్టుకోండి. పీల్చేది మాత్రం గొట్టం నోట్లోంచి తీశాకే, లేకపోతే సబ్బునీళ్లు గొంతులోకి పోతాయి. ఈ మాట పట్టనంత చిన్నవాళ్లకు ఈ సీసా వద్దు, ఊదితే తిరిగే కాగితపు పంకా చాలు. బెలూన్లు అసలే వద్దు. పగిలిన ముక్క గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది.

ఎనిమిది, పది నిదానమైన ఊపిర్లు ఊదాక, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు నోరు తెరిచి రెండుసార్లు ‘హా’ అనిపించి, దగ్గించి, ఒక నిమిషం ఆపండి. ఆపకుండా ఊదితే తల తిరుగుతుంది, పెదవులు తిమ్మిరెక్కుతాయి. తిన్న వెంటనే వద్దు, వాంతవుతుంది.

మామూలు న్యుమోనియా ఈ కసరత్తులతో త్వరగా తగ్గుతుందనడానికి గట్టి ఆధారాల్లేవు. బ్రాంకియెక్టాసిస్ (గాలిదారులు వెడల్పై కఫం నిలిచిపోయే జబ్బు), సిస్టిక్ ఫైబ్రోసిస్ (కఫం బాగా చిక్కబడే జన్యు జబ్బు) లాంటి వాటిలో కఫం తీసే సాధన రోజువారీ వైద్యంలో భాగం. డొక్కలు ఎగరేస్తున్నా, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు నిమిషానికి 40 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా ఆటలు కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కఫంలో రక్తం పడినా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని చెప్పినా ఊదించకూడదు.

సీసా నీళ్లు ప్రతిసారీ పారబోయాలి, నిలవ నీళ్లలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. గొట్టాన్ని సబ్బుతో కడిగి వేలాడదీసి ఆరబెట్టండి. స్పైరోమీటర్‌కైతే నోటి భాగం విడదీసి కడిగితే చాలు. గదుల్లోకి తడి పోతే బంతులు అతుక్కుంటాయి. ఒక పరికరం ఒక పిల్లకే, అక్కాతమ్ముళ్లకైనా సరే.