మేనేజర్ని కాదు, గుమాస్తాని అడిగి రాసుకున్న రిక్వైర్‌మెంట్లు: 8 ఏళ్ళ వాడకం తర్వాత

చెన్నైలో ఓఎమ్మార్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో బిజినెస్ అనలిస్టుగా 11 ఏళ్ళయింది. స్క్రీన్ వాడేవాళ్ళ పక్కన కూర్చుని రిక్వైర్‌మెంట్లు, అంటే సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో ఆ వివరాలు, రాసుకునే పద్ధతి 8 ఏళ్ళుగా పాటిస్తున్నా. అంతకుముందు పాటించకపోతే ఏమైందో ముందు చెప్తా.

రెడ్‌హిల్స్ దగ్గర ఒక బియ్యం గోడౌనుకి స్టాక్ సాఫ్ట్‌వేర్ చేశాం. నెల్లూరు వైపు నుంచి లోడ్లొస్తాయి. క్లయింటు ఏసీ గదిలో మేనేజరుగారు చెప్పారు, మేం రాసుకున్నాం: పర్చేజ్ ఆర్డర్ (సరుకు కొనడానికి ఆఫీసు ఇచ్చే కాయితం) నంబరు లేకుండా సరుకు లోపలికి రాదు. డాక్యుమెంటు 130 పేజీలు, పేజీ పేజీకీ సంతకం. నెల తిరిగేసరికి స్టాకంతా ఒకే ఆర్డర్ నంబరు మీద పేరుకుపోయింది.

తప్పు గుమాస్తాదే అన్నారు, ట్రైనింగివ్వమని నన్ను పంపారు. రాత్రి పదకొండింటికి లారీ వచ్చింది. గుమాస్తా సూళ్ళూరుపేట మనిషి, యాభై దాటాయి. టార్చి వెలుగులో బస్తాలు లెక్కపెట్టి, చెవి మీది పెన్సిల్ తీసి పొడుగు పుస్తకంలో రాసి, ఆ పేజీ మూల మడిచాడు. తర్వాత సిస్టం ముందు కూర్చుని పాత ఆర్డర్ నంబరేదో కొట్టేశాడు.

"అదేంటన్నా, ఆ నంబరు వేరేదానిది కదా?"

"ఈ లోడు కాయితం ఆఫీసోళ్ళు పొద్దున పదికి గానీ పంపరు సార్. అందాకా ఆపితే లారీ వెయిటింగ్ ఎవరిస్తారు? మీ డబ్బా ఏమో నంబరు లేందే కదలదు."

"మరి ఆ మడతెందుకు?"

"కాయితం రావాల్సినవి. వచ్చినాక తీసేస్తా."

ముందే చెప్పొచ్చు కదా అంటే, "మీరు అడగలేదు గదా సార్" అన్నాడు.

రెండు రాత్రులు అక్కడే కూర్చున్నా. ఆ మడతే తర్వాతి వెర్షన్లో 'ఆర్డర్ రావాలి' అనే స్టేటస్ అయింది.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. 1994లో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల మీద పరిశోధన చేసే స్టాండిష్ గ్రూప్ అనే అమెరికా సంస్థ సర్వే చేస్తే, ప్రాజెక్టు గట్టెక్కడానికి కారణాల్లో యూజర్ల పాత్రే మొదట నిలిచింది. సాఫ్ట్‌వేర్ ఎలా చేయాలో కొందరు డెవలపర్లు కలిసి 2001లో రాసిన ఎజైల్ మేనిఫెస్టో కూడా కాంట్రాక్టు బేరాలకన్నా కస్టమర్‌తో కలిసి పనిచేయడమే మేలంది. తిరకాసంతా ఆ కస్టమర్ అన్న మాటలోనే ఉంది. మా సేల్స్ వాళ్ళకి కస్టమరంటే బిల్లు కట్టేవాడు. రాత్రి పదకొండింటికి టార్చి పట్టుకునేవాడు కాదు.

ఇక ఇబ్బందులు. "ఏం కావాలి?" అని అడిగితే పాత పుస్తకాన్నే కాలమ్‌లతో సహా తెర మీదికి ఎక్కించమంటారు. ఒకసారి ఎక్కించి దెబ్బతిన్నా. ఇప్పుడు "నిన్న చివర్లో వచ్చిన లారీది చేసి చూపించన్నా" అంటా. వెనక మేనేజరు నిలబడితే ఎవరూ నిజం చెప్పరు, రూల్సు అప్పజెప్తారు. టీ కొట్టు దగ్గర తెలిసినంత మీటింగులో తెలీదు. ల్యాప్‌టాప్ తెరిస్తే ఉద్యోగాలు పీకడానికొచ్చానని అనుమానం, అందుకే చిన్న నోటుబుక్కే తీసుకెళ్తా. వాడేవాళ్ళందరి తరఫునా మాట్లాడతాడని 'సూపర్ యూజర్' పేరుతో క్లయింటు ఒకర్ని అప్పగిస్తాడు చూడండి, చాలాసార్లు ఆయన ఆ పని మానేసి ఏళ్ళయి ఉంటుంది. అలాగని గుమాస్తా చెప్పిందల్లా వేదం కాదు. బిల్లు కొట్టాక రేటు మార్చే వీలు తనకివ్వమన్నాడు ఒకాయన, అకౌంట్స్ వాళ్ళు విని నెత్తి కొట్టుకున్నారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు డబ్బు. మొత్తం ధర ముందే ఖాయం చేసుకునే ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టులో, ఇలా పక్కన కూర్చున్న రోజులకి బిల్లు పడదు. ఎస్టిమేట్లో 'సైట్ విజిట్' అని రాస్తే మొదట కొట్టేసేది ఆ లైనే. నిజం చెప్పాలంటే, దాన్ని 'డేటా పరిశీలన' పేరుతో నెట్టుకొస్తున్నా.

అయిదుకి నాలుగు స్టార్లిస్తా. ఆ ఒకటి ఎందుకు తగ్గించానంటే, సూళ్ళూరుపేట అన్న ఆ పొడుగు పుస్తకం ఇంకా రాస్తూనే ఉన్నాడు. ఎందుకని మొన్న ఫోన్లో అడిగా. "చిరిగిన బస్తాలు ఎక్కించడానికి మీ దాంట్లో చోటు లేదు గదా సార్" అన్నాడు. నేను కూర్చున్న రెండు రాత్రులూ ఒక్క బస్తా చిరగలేదు.