గడియ: మేం చేసిన టైమ్ యాప్‌ను పదహారు నెలలు వాడాక

ఎవరి యాప్‌కు వాళ్లే రివ్యూ రాసుకోవడం బాగుండదని తెలుసు. కానీ దీన్ని ఇంకా వాడుతున్నది ఇద్దరమే, ఆ రెండో మనిషి రివ్యూలు రాసే మనిషి కాదు. అందుకని నేనే రాస్తున్నాను.

బీటెక్ మూడో ఏడులో హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ (మనుషులకు వాడుకోవడానికి వీలుగా యాప్‌లు డిజైన్ చేయడం నేర్పే సబ్జెక్టు) ఎలక్టివ్ కోసం నలుగురం కలిసి చేసిన ప్రాజెక్టు ఇది. సమయాన్ని సర్దుకోవడానికి ఒక యాప్ డిజైన్ చేసి, ప్రోటోటైప్ (పనిచేసే తీరు చూపే నమూనా) చూపించాలి. అందరిలాగే మేమూ పొమొడోరోతో మొదలుపెట్టాం. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని చదివిన పద్ధతి అది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. ఈ మాట ఇంట్లో చెబుతుంటే మా టీమ్‌లో ఒకడి నాయనమ్మ, "అదెంతరా, గడియే కదా" అందట. రోజుకు 60 గడియలు, గడియకు 24 నిమిషాలు. ఒక్క నిమిషమే తేడా! యాప్‌కు పేరు అక్కడే దొరికింది. "గవ్వ ఆదాయం లేదు, గడియ తీరిక లేదు" అన్న సామెతను మొదటి స్లైడులో పెట్టి సార్‌ని నవ్వించాం కూడా.

మొదట కాగితం మీదే చేశాం. ఏ4 షీటు నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ఒక్కో స్క్రీను గీసి, ఎదుటివాళ్లు వేలితో నొక్కితే తర్వాతి ముక్క పెట్టడం. ఆ ముక్కలు పట్టుకుని కాలేజీ గేటు బయట జిరాక్స్ షాపు అన్న దగ్గరికి వెళ్లాం. ఆయన "పని చేర్చు" నొక్కాడు. పని పేరు, రకం, ప్రాధాన్యం, గడువు, ఎన్ని గడియలు అని ఐదు గళ్లు వచ్చాయి. ఆయన వాటిని ఒకసారి చూసి, "ఇవన్నీ నింపేలోపు నేను పది కాపీలు తీసేస్తా తమ్ముడూ" అని మిషన్ దగ్గరికి పోయాడు. సెమిస్టర్ మొత్తంలో మాకు దక్కిన అసలైన ఫీడ్‌బ్యాక్ అదే. ఆ రాత్రే ఐదు గళ్లను రెండు చేశాం: పని పేరు, ఎన్ని గడియలు. పదహారు నెలల తర్వాత కూడా ఇందులో నాకు నచ్చేది అదే. పని ఎక్కించడానికి ఐదారు సెకన్లు చాలు.

తర్వాత ఫిగ్మాకి వెళ్లాం, అది స్క్రీన్లు గీసి నొక్కి చూసుకునే డిజైన్ టూల్. బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి ల్యాబ్ సిస్టమ్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా నలుగురం ఒకే ఫైలులో కూర్చోగలిగాం. అక్కడ మమ్మల్ని ఏడిపించింది మా తెలుగే. ఇంగ్లిష్ అక్షరాల కొలతతో బటన్లు గీసి, అందులో "మొదలుపెట్టు" అని రాస్తే కింద ట వత్తు తెగిపోయి "మొదలుపెటు" అయింది. అక్షరం సైజు 16, లైను ఎత్తు 20. ఆ ఎత్తును 28కి పెంచితేగానీ వత్తు కనబడలేదు. దాంతో ప్రతి స్క్రీనూ కిందికి జరిగింది, మళ్లీ అన్నీ సర్దాం. తెలుగులో యాప్ చేసేవాళ్లు మొదటి రోజే వత్తులున్న మాట ఒకటి పెట్టి చూసుకుంటే మంచిది.

ఐదుగురితో పరీక్షిస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని యాప్‌లు, వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధన చేసిన జాకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట పట్టుకుని, హాస్టల్లో ఐదుగురిని కూర్చోబెట్టాం. వాడటం ఎంత సులువో వందకు మార్కులేసే పది ప్రశ్నల ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) ఫారం ఇచ్చాం. దాంట్లో 68 వస్తే సగటు అని లెక్క. మాకు 81 వచ్చింది. ఐదుగురూ మా మెస్సులో తినేవాళ్లే మరి.

సెలవుల్లో మా వాడొకడు ఫ్లట్టర్ అనే యాప్ తయారీ టూల్‌లో దాన్ని నిజం యాప్ చేశాడు. అప్పటి నుంచి నా ఫోన్లో ఉంది. ఇక అసలు సంగతి.

మొదటి వారం బ్రహ్మాండం. మూడో వారానికి ఈ యాప్ ఐకాన్ చూస్తేనే టెన్షన్. కారణం ఏమిటంటే, పూర్తికాని పని దానంతటదే రేపటికి వెళ్లేలా పెట్టాం. ప్రజెంటేషన్‌లో సార్ కూడా మెచ్చుకున్నారు. నిజంగా వాడితే ఆ "రేపు" పెరుగుతూనే పోయింది. ఒకరోజు తెరిచేసరికి 43 పనులు, అన్నీ ఎర్ర రంగులో. రెండు నెలలు ఆ యాప్ తెరవలేదు. ఇది ప్రోటోటైప్‌లో ఎందుకు తెలియలేదంటే, అందులో మేం నింపిన నమూనా రోజుకు మూడే పనులున్నాయి: "డీబీఎంఎస్ చదవడం, జిమ్, అసైన్‌మెంట్". ఆ రోజులో ఎవరికీ జ్వరం రాలేదు, కరెంటు పోలేదు. ఒకడికి పది నిమిషాలు ఫోనిచ్చి, వాడికి ఇరవయ్యో రోజున ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకున్నాం. ఇప్పుడు మూడు రోజులు దాటిన పని చప్పుడు చేయకుండా కింద పెట్టెలోకి పోతుంది. ఆ పెట్టె నేను తెరవను.

ఇంకో తప్పు టైమర్‌ది. స్క్రీను ఆరితే, గడియ పూర్తయినా గంట మోగేది కాదు. ఫోను కదలకుండా ఉంటే యాప్‌లను నిద్రపుచ్చే ఏర్పాటు ఆండ్రాయిడ్ 6.0 నుంచే ఉంది. సిస్టమ్ అలారం వాడాల్సిన చోట మేం మామూలు టైమర్ రాశాం. ఫిగ్మాలో ఫోను ఎప్పుడూ ఆరదు కదా!

పాజ్ బటన్ కూడా మొదట లేదు. మధ్యలో ఆగితే ఆ పొమొడోరో, అంటే ఆ 25 నిమిషాల విడత, లెక్కలోకి రాదన్నది సిరిల్లో నియమం, మేమూ పట్టుబట్టాం. హాస్టల్ గదిలో అది చెల్లింది. ఇంట్లో కూర్చుని పనిచేస్తుంటే గ్యాస్ బండ వస్తుంది, కొరియర్ వస్తుంది, పక్కింటాయన తాళం ఇచ్చి పోతాడు. నెలకే పాజ్ పెట్టించాను. చదువుకోవడానికి గడియ సరిపోతుంది. బగ్ వెతకడానికి మాత్రం పనికిరాదు, ఒక దారి దొరికే వేళకు గంట మోగుతుంది.

మరి ఎందుకు వాడుతున్నానంటే, ఒకే ఒక్క స్క్రీను కోసం. "అనుకున్నది, పట్టింది" అని పక్కపక్కనే రెండు అంకెలు. మార్కుల కోసం చివరి రోజు అతికించిన స్క్రీను అది. పనికి పట్టే సమయాన్ని మనిషి తక్కువ అంచనా వేస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. పరీక్ష కోసం చదివాను, కానీ నా విషయంలో అది నిజమని నమ్మలేదు. నిన్నటి లెక్క: యూనిట్ టెస్టులు (కోడ్‌ను ముక్కలుగా పరీక్షించే కోడ్) రాయడం, అనుకున్నది 2 గడియలు, పట్టింది 5. ఆఫీసు మెయిళ్లు, అనుకున్నది 1, పట్టింది 2. ఇప్పుడు మేనేజర్ "ఎప్పటికి అవుతుంది" అంటే మనసులో వచ్చిన అంకెను రెండుతో గుణించి చెబుతున్నాను. అయినా అప్పుడప్పుడు తప్పుతోంది.

ఇంకా వాడుతున్న ఆ రెండో మనిషి మా అమ్మ. నా పాత ఫోన్లో ఉంది యాప్. ఆమె జాబితాలో ఉన్నది ఒకటే పని: మోటారు. మా ట్యాంకు నిండడానికి సరిగ్గా గడియ పడుతుంది. పొద్దున్నే స్విచ్ వేసి యాప్ నొక్కుతుంది, మోగగానే ఆపుతుంది. "గంట ఇంకాస్త గట్టిగా మోగేటట్టు పెట్టరా, కుక్కర్ కూతలో వినబడట్లేదు" అని రెండు వారాలుగా అడుగుతోంది. అనుకున్నది 1, పట్టింది 1 అని రోజూ కనబడేది ఆమె ఫోన్లోనే.