28 అడుగుల ఫైబర్ బోటులో 220 లీటర్ల ఐసు పెట్టె: రెండు సీజన్ల అనుభవం

మా కుటుంబానికి కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరంలో ఒక ఫైబర్ బోటు ఉంది. దాని పొడవు 28 అడుగులు, నడిమిభాగంలో పై అంచుల మధ్య వెడల్పు 6 అడుగులు, వెనుక 10 హార్స్‌పవర్ ఇంజను. వేటకు వెళ్లేది మా తమ్ముడు, అతనితో మరో ముగ్గురు. నేను లెక్కలు చూస్తాను, సెలవు రోజుల్లో అప్పుడప్పుడు వారితో సముద్రం మీదకు వెళ్తాను. రెండు సీజన్ల క్రితం మేము కొన్న 220 లీటర్ల ఐసు పెట్టె గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీ వాళ్లు దీనిని కూలర్ అంటారు గాని, మా ఊళ్లో కూలర్ అంటే ఎండాకాలంలో కిటికీ దగ్గర పెట్టే గాలి యంత్రమే కనుక, ఇక్కడ ఐసు పెట్టె అనే రాస్తాను. తయారీదారు పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి పెట్టెలు చాలా కంపెనీలవి దాదాపు ఒకే నమూనాలో వస్తున్నాయి, మేము పడిన ఇబ్బందులలో సగానికి పైగా మా తొందరపాటు వల్ల వచ్చినవే.

అంతకు ముందు మేము వాడినవి థర్మోకోల్ పెట్టెలు. వాటికి ఒక సుగుణం ఉంది: ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఇరుకుతాయి. అడ్డబల్ల (బోటుకు అడ్డంగా ఉండే కూర్చునే బల్ల) కింద ఒకటి, వల పక్కన ఒకటి, డీజిల్ డబ్బా వెనుక మరొకటి పెట్టుకునేవాళ్లం. అయితే నెల తిరిగేసరికి మూలలు విరిగి, తెల్లటి గుళికలు బోటు నిండా, ఆ తర్వాత నీటి నిండా తేలేవి. ఒక రాత్రి వేటకు అవి సరిపోయేవి కాని, వంజరం కోసం రెండు రాత్రులు ఉండవలసి వచ్చినప్పుడు రెండో సాయంత్రానికి ఐసు నీరైపోయేది. మా పక్క బోటువారు పాడైపోయిన ఫ్రిజ్ డొల్లను పడుకోబెట్టి వాడుతున్నారు, అది చూడటానికి నవ్వుగా ఉన్నా థర్మోకోల్ కంటే మెరుగ్గానే పని చేస్తోంది. తుప్పు పట్టే బాధ లేనిది కొనాలన్న ఉద్దేశంతో మేము ఈ ప్లాస్టిక్ పెట్టెకు 18 వేల రూపాయల పైచిలుకు పెట్టాము.

పెట్టె బయటి కొలతలు 42 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల ఎత్తు. గోడల మందం 2 అంగుళాలు, ఆ గోడల మధ్య నురగ నింపి ఉంటుంది. లోపల మిగిలేది 38, 20, 18 అంగుళాలు, అంటే సుమారు 224 లీటర్లు కనుక కంపెనీ చెప్పిన 220 లీటర్ల మాటలో అబద్ధం లేదు. కాని చిన్న బోటువాడికి ఆ అంకెతో పెద్దగా పని లేదని కొన్న తర్వాత తెలిసింది. లీటర్లు లోపలి సంగతి, బోటులో చోటు వెతుక్కోవలసింది బయటి కొలతకు. అంగడిలో మాకు ఎవరూ బయటి కొలత చెప్పలేదు, మేము అడగనూ లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధంలో, బోటు ఇసుక మీద ఉండగా పెట్టె తెచ్చాము. మొదట ముందు కొసలో పెట్టాము. అక్కడ లంగరు తాడు తప్ప మరేమీ ఉండదు కనుక ఖాళీ చోటు అదేనని అందరమూ అనుకున్నాము. ఇసుక మీద చూస్తే చక్కగా కుదిరింది. కాని ఉప్పాడ తీరంలో బోటు నేరుగా విరిగే అలలను చీల్చుకుని బయటికి పోవాలి. కాకినాడ వైపు హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండటం వల్ల అక్కడి బోట్లకు ఈ బాధ తక్కువ, మాకు మాత్రం మొదటి రెండు మూడు అలలే పరీక్ష. ఐసుతో కలిపి దాదాపు 100 కిలోల బరువు ముక్కు మీద ఉండటంతో బోటు అల ఎక్కవలసిన చోట అలలోకి దూరింది. నీళ్లు తోడుకుంటూ బయటపడ్డాము. నాలుగు వేటల తర్వాత పెట్టెను వెనక్కి మార్చాము.

వెనుక మరో రకం చిక్కు వచ్చింది. ఇంజను, డీజిల్, ఇంజను నడిపే మనిషి అంతా అక్కడే ఉంటారు. వాటికి తోడు పెట్టె చేరడంతో వెనుక అంచు నీటికి నాలుగు వేళ్ల మేర దగ్గరైంది. ఇంజను కర్రను ఎడమకు పూర్తిగా తిప్పబోతే అది పెట్టె మూలకు తగిలేది. ఒడ్డుకు వచ్చేటప్పుడు వెనుక నుంచి వచ్చే అలే ప్రమాదకరం గనుక ఆ ఏర్పాటును ఒక్క వేటతోనే వదులుకున్నాము.

ఇక మిగిలింది నడిమిభాగం. బరువు ఎక్కడ ఉంటే బోటు ముక్కు దించకుండా, తోక దించకుండా ఉంటుందో అక్కడే పెట్టెను పెట్టాలని మా మావయ్య మొదటి రోజే చెప్పాడు. ఆయన నలభై ఏళ్లు వేట చేసినవాడు. అయినా నడిమిభాగం వల పోసే చోటు కనుక మేము ఆ మాటను పక్కన పెట్టాము. తీరా అక్కడికే వచ్చాక రెండు అడ్డబల్లల మధ్య కొలిచి చూస్తే 40 అంగుళాలు తేలింది, పెట్టె పొడవు 42. రెండంగుళాల కోసం ఆగిపోయాము. అడ్డంగా పెట్టి చూశాము, అడుగున 46 అంగుళాల వెడల్పు ఉండటం వల్ల పట్టింది గాని, ముందు నుంచి వెనక్కి వెళ్లవలసిన మనిషి 22 అంగుళాల ఎత్తున్న తడి మూత ఎక్కి దిగాలి. చీకట్లో ఒక కుర్రవాడు జారి మోకాలు చిట్లించుకున్నాడు. అడ్డబల్లను కోసేయమని కొందరు సలహా ఇచ్చారు. అది కేవలం కూర్చునే బల్ల కాదు, రెండు పక్కలు లోపలికి నొక్కుకుపోకుండా పట్టి ఉంచేది అదే కనుక ఎవరూ ఆ పని చేయకూడదు. ఫైబర్ పని చేసే మేస్త్రీ ఆ బల్లను విడదీసి 5 అంగుళాలు ముందుకు జరిపి, రెండు కొసలా కొత్తగా ఫైబర్ పొరలు వేసి అతికించాడు. దానికి 4 వేల రూపాయలు అయ్యాయి. పెట్టె ధరలో ఈ ఖర్చును కూడా కలుపుకుని చూడాలి.

ఇప్పుడు పెట్టె బోటు మధ్యగీత మీద, నిలువుగా, సరిగ్గా నడిమికి ఒక అడుగు వెనుకగా ఉంది. రెండు పక్కలా 11 అంగుళాల చొప్పున దారి మిగిలింది, మనిషి పక్కకు తిరిగి నడవగలడు. వల దాని ముందు కుప్పగా పోస్తాము. అడుగున రెండు చెక్క పట్టీలను ఫైబర్‌తో అతికించి, వాటి మీద రబ్బరు పట్టా వేసి పెట్టెను కూర్చోబెట్టాము, అందువల్ల కింద అంగుళం ఖాళీ ఉండి బోటులో చేరిన నీరు వెనక్కి పోతుంది. బోటు అడుగుకు మరలు బిగించవద్దని మేస్త్రీ గట్టిగా చెప్పాడు, మర దిగిన ప్రతి చోటా ఏదో ఒక రోజు నీరు దిగుతుందని ఆయన వాదన. లారీల మీద సరుకు బిగించే బెల్టులు రెండు వేసి అడ్డబల్లలకు కట్టాము. అలల్లో పెట్టె ఇప్పటివరకు జానెడు కూడా కదలలేదు.

పెట్టె నమూనాలోని అసలు లోపం ఈ దశలోనే బయటపడింది. నీరు వదిలే బిరడా ఒక పొట్టి పక్కన మాత్రమే ఉంది. బోటు నడుస్తున్నప్పుడు ముక్కు పైకి లేచి వెనుక భాగం దిగి ఉంటుంది కాబట్టి, బిరడా వెనుక వైపు ఉంటేనే కరిగిన నీరు పోతుంది. అలా తిప్పి పెడితే మూత బందులు కుడి పక్కకు వచ్చాయి. మేము వల లాగేది కుడి పక్క నుంచే. మూత తెరిస్తే అది వల లాగే మనిషికీ పెట్టెకూ మధ్య గోడలా నిలబడుతోంది, చేపను దాని మీదుగా విసరాలి. ఎడమ పక్క నుంచి వల లాగమంటే మా వాళ్లు ఒప్పుకోలేదు, పెట్టె కోసం చేయివాటం మార్చుకోమనడం పెళ్లికూతురి కోసం ఇల్లు తిప్పి కట్టమన్నట్టు ఉందని మా మావయ్య ఎగతాళి చేశాడు. చివరికి బందుల చువ్వలు లాగేసి మూతను విడి మూతగా మార్చాము, ఒక తాడుతో అడ్డబల్లకు కట్టి ఉంచుతాము. పని జరుగుతోంది గాని, ఈ ధర పెట్టి కొన్న పెట్టెకు రెండు కొసలా బిరడా పెట్టి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు. కొన్ని పెట్టెలకు అలా రెండు బిరడాలు ఉంటాయి, కొనేవారు అవే ఎంచుకోవాలి.

బిరడా గురించి ఇంత రాయడానికి కారణం ఉంది. 100 కిలోల చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికే సుమారు 31 కిలోల ఐసు కరిగిపోతుంది, ఎందుకంటే కిలో ఐసు కరిగేటప్పుడు 80 కిలో కేలరీల వేడిని లాక్కుంటే, కిలో చేపకు అటువంటివి 25 వరకు తీసివేయాలి. గోడల గుండా, మూత తెరిచినప్పుడల్లా చొరబడే వేడికి మిగిలిన ఐసు ఖర్చవుతుంది. రెండు రాత్రుల వేటకు మేము 70 కిలోల పొడి చేసిన ఐసు వేస్తున్నాము. కరిగిన నీటిని వదలకపోతే తిరుగు ప్రయాణంలో పెట్టె, చేపలు, ఐసు, నీరు కలిపి 190 కిలోలు దాటుతుంది, నీరు వదిలితే 150 దగ్గర ఆగుతుంది. బరువు తేడా ఒక్కటే కాదు, పెట్టెలో నిలిచిన నీరు బోటు ఒరిగిన వైపే పరుగెత్తి ఆ ఒరుగును మరింత పెంచుతుంది. పైగా నెత్తుటి నీళ్లలో నానిన చేపకు ఒడ్డున ధర పలకదు.

ఐసు నిలపడం విషయంలో పెట్టె మీద నాకు ఫిర్యాదు లేదు. ఇంటి వరండాలో, నీడలో, మూత తీయకుండా 60 కిలోల ఐసు వేసి చూస్తే 24 గంటల్లో కరిగిన నీరు 14 కిలోలు వచ్చింది. సముద్రం మీద ఎండ, మాటిమాటికి మూత తీయడం వల్ల అది 20 కిలోల పైనే ఉంటుంది. ఐదు రోజులు ఐసు ఉంటుందన్న ప్రకటన మూత తెరవని పెట్టెకే వర్తిస్తుంది, మూత తెరవని పెట్టెతో వేట చేసేవాడు లేడు. మాది ముదురు నీలం రంగు పెట్టె, అదొక పొరపాటు, తెల్లది తీసుకోవలసింది. ఇప్పుడు తడిపిన గోనె పట్టాలు కప్పుతున్నాము. వంజరం, కానాగంత, సూర వంటి చేపలు వెచ్చగా ఉండిపోతే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం చేరుతుంది, ఆ తర్వాత వండినా అది పోదు. రెండో రాత్రి పట్టిన వంజరాలతో పాటు మొదటి రాత్రివి కూడా ఎర్రటి మొప్పలతో ఒడ్డు చేరడం ఈ పెట్టె వచ్చాకే చూశాము.

పొందిన లాభంలో కొంత దించేటప్పుడు పోతోంది. థర్మోకోల్ పెట్టెలను ఇద్దరు పట్టుకుని నేరుగా ఇసుక మీదకు మోసేవాళ్లు. 150 కిలోల పెట్టెను ఆ అలల్లో ఎవరూ దించలేరు. బోటులోనే మూత తీసి గంపలకు ఎత్తాలి, దానికి 20 నిమిషాలు ఎక్కువ పడుతోంది, అంతసేపూ బోటు ఒడ్డున అలలకు కొట్టుకుంటూ ఉంటుంది. జెట్టీ ఉన్న రేవుల వారికి ఈ సమస్య రాదు.

మూత మీద ఇద్దరు కూర్చుని వల విడదీసుకోవచ్చు, అందువల్ల బోటులో పోయిన చోటు కొంత తిరిగి వచ్చినట్టే. నురగ నిండిన పెట్టె తేలుతుంది కదా, లైఫ్ జాకెట్ ఎందుకని మా కుర్రవాడు ఒకసారి అన్నాడు. బెల్టులతో బోటుకు కట్టేసిన పెట్టె ఎవరిని తేలుస్తుందో అతనే ఆలోచించుకుని జాకెట్ తొడుక్కున్నాడు.

24 అడుగుల లోపు బోటు ఉన్నవారికి ఈ పెట్టెను నేను సూచించను. వారు 100 లీటర్లవి రెండు తీసుకుని, నడిమికి అటూ ఇటూ ఒక్కొక్కటి పెట్టుకోవడం మేలు. చిన్న పెట్టెల్లో ఐసు కొంత వేగంగా కరుగుతుందన్నది నిజమే గాని, ఒకటి తెరిచినప్పుడు రెండోది మూసే ఉంటుంది, ఇద్దరు మనుషులు దించగలరు, అడ్డబల్లను కదిలించే పని ఉండదు. 28 అడుగులు, ఆ పైన ఉన్నవారు, రెండు రాత్రులు ఉండేవారైతే 220 లీటర్లది కొనవచ్చు. కొనే ముందు పాత అట్టపెట్టెలను విప్పి బయటి కొలతకు ఒక బొమ్మ పెట్టె కట్టి, దానిని బోటులో ఉంచి, వల ఒకసారి పూర్తిగా పోసి లాగి చూడండి. మూత ఏ పక్కకు తెరుచుకుంటుందో, బిరడా ఎటు ఉందో ఆ అట్ట మీద బొగ్గుతో గీసుకోండి.

మూత చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ మొదటి సీజను చివర్లో ఊడిపోయింది. విడిగా రబ్బరు పట్టీ అమ్మరనీ, మూత మొత్తం కొనాలనీ అంగడివారు చెప్పారు. కాకినాడలో కారు తలుపుల రబ్బరు అమ్మే చోట మీటరు లెక్కన కొని జిగురుతో అంటించాము, ఇప్పటివరకు ఊడలేదు.